రెండో జాడింపు

ఫిబ్రవరి 3

చేరాను. పదో తరగతి ఫెయిలు.

ఆ మాట తడబడకుండా అనడానికి నిన్న అద్దం ముందు సాధన చేయాల్సి వచ్చింది. పని ఇప్పించిన ఏజెంటు ముందే పాఠం చెప్పాడు. "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అని పొరపాటున కూడా అనకండమ్మా. చదువుకున్నవాళ్ళు ఇక్కడ ఉండరు. ఉన్నా ఊరుకోరు. మేనేజర్‌కి ఆ రెండూ పడవు." మరేం చెప్పమంటావని అడిగాను. "టెన్త్ ఫెయిల్ అనండి. పాసని మాత్రం అనకండి, పాసైనదానివి మరి పైకెందుకు చదవలేదంటూ మొదలుపెడతాడు. ఇంకోటి, గోడల మీద ఏమైనా రాసుంటే ఆగి చదవకండి." ఇంత శ్రద్ధగా పాఠం చెప్పిన గురువు నాకు యూనివర్సిటీలో కూడా దొరకలేదు.

కూటి కోసం కోటి విద్యలంటారు. నేర్చిన విద్యను దాచిపెట్టడం వాటిలో ఎన్నోదో మరి.

ఇది లాండ్రీ. వీధి మలుపులో ఇస్త్రీ బల్ల లాంటిది కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు లారీల్లో వచ్చి లారీల్లో పోయే కార్ఖానా. ఒక పక్క మనిషి కంటే ఎత్తున్న డ్రమ్ములు, మధ్యలో వేడి రోలర్లు, ఈ చివర మడత బల్లలు. నాకు మడత ఇచ్చారు. దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలు పట్టుకుని లాగి, ఒకరి ముందుకు ఒకరు నడిచి, మూలలు కలిపి, మళ్ళీ వెనక్కి. రోజంతా ఇదే. నా ఎదుటి మనిషిని అందరూ వదిన అంటారు. ఎవరికి వదినో ఎవరికీ తెలియదు. నోరు మూయదు.

రెండు నెలలు చేస్తాను. అంతకంటే ఒక్క రోజు ఉండను.

ఫిబ్రవరి 5

లాండ్రీ అని తెలిసీ, మా ఆయన పక్కింటివాళ్ళకు నేను "క్వాలిటీ ల్యాబ్‌"లో చేరానని చెప్పారు. పక్కింటావిడ గుమ్మంలో ఆపి మరీ అభినందించింది. ఏం పరీక్షిస్తారని అడిగింది. బట్టలు అన్నాను. అబద్ధం కాదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. ఆయన శాశ్వత లెక్చరర్ పోస్టు నోటిఫికేషన్ కోసం చదువుతున్నారు. పెళ్ళినాటికే చదువుతున్నారు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిగడియారం కూడా పెట్టుకుని కుర్చీలో కూర్చుంటారు. రేపే పిలిస్తే పరుగెత్తడానికి సిద్ధం. ఆ చొక్కా ఇస్త్రీ చేసేది నేను. అంటే ఇంటికొచ్చాక కూడా లాండ్రీయే.

ఇంట్లో నేను ల్యాబ్ ఆఫీసర్ని. పనిలో పదో తరగతి ఫెయిలుని. బస్సులో ఉన్నంతసేపే ఎమ్మెస్సీని.

ఫిబ్రవరి 8

కాళ్ళు.

ఫిబ్రవరి 11

చేతుల చర్మం ఎండిన అట్టలా తయారైంది. హాల్లో ఫ్యాన్లున్నాయి, కానీ ఫ్యాన్ గాలికి దుప్పటి మూల ఎగురుతుందని తిప్పరు. ఏసీ ఉన్నది ఒక్క మేనేజరు గదిలో. అందుకే అతనికి చల్లగది అని పేరు పెట్టారు. "చల్లగది వస్తోంది" అని ఎవరైనా గొణిగితే అందరి చేతులూ వేగం అందుకుంటాయి. నీళ్ళు తాగితే బయటికి వెళ్ళాలి, వెళ్తే ఎదుటి మనిషి చేతులు ఖాళీ, అది చల్లగది గాజు తలుపులోంచి చూస్తాడు. కాబట్టి ఎవరూ నీళ్ళు తాగరు. చూడముచ్చటైన క్రమశిక్షణ. మా కాలేజీలో ప్రిన్సిపాల్ చూసి ఉంటే కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు.

ఆ మహానుభావుడే నన్ను పంపించేశాడు. మీరు చెప్పే పాఠమంతా ఒకేసారి వీడియో తీయించాం, ఇక ప్రతి ఏడాదీ అదే వేస్తాం, సహకరించినందుకు ధన్యవాదాలు అన్నాడు. వీడియోలో నేనే ఉన్నాను. నా ఉద్యోగం నేనే పీకేసుకున్నాను. జీతం లేకుండా నా బొమ్మ అక్కడ ఇప్పటికీ పాఠం చెబుతోంది. నేను ఇక్కడ దుప్పట్లు మడతపెడుతున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే కాబోలు.

నాకూ పేరు పెట్టారు. అడిగినా అడగకపోయినా నేను టెన్త్ ఫెయిలని చెబుతున్నానట. పదో క్లాసు అంటున్నారు.

ఫిబ్రవరి 15

ఆ వాసన.

మొదటి రోజే తెలిసింది, రాయలేదంతే. ముక్కులో సూదిలా దిగి, గొంతులో గీరి, కళ్ళలో నీళ్ళు తెప్పించే వాసన. మధ్యాహ్నం లోడ్లు విప్పినప్పుడు వస్తుంది. డ్రమ్ముల పక్కనుంచి మురుగు కాలువ ఒకటి మా మడత బల్లల కిందుగా పోతుంది, దాని వెంట వస్తుంది. వదినను అడిగాను, అమాయకంగా.

"అదా, శుభ్రం వాసన" అంది. "అది వచ్చిందంటే గుడ్డ తెల్లబడ్డట్టు. రాని రోజు ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపిస్తారు."

హాలంతా ఇదే నమ్మకం. దగ్గొస్తే దుప్పటి బాగా ఉతికారని సంతోషిస్తారు. ఇంత అజ్ఞానం ఒకేచోట పోగుపడటం నేనెక్కడా చూడలేదు.

దుప్పట్లు ముందు బ్లీచింగ్‌లో ఉతుకుతారు. తర్వాత రెండుసార్లు మంచినీళ్ళతో జాడించాలి. అప్పుడు కొంచెం యాసిడ్ కలిపిన నీళ్ళు పట్టించాలి, లేకపోతే రోగి ఒంటికి దురద. జాడింపు సరిగా లేకుండా బ్లీచింగ్ మీద యాసిడ్ పోస్తే వచ్చేది క్లోరిన్. ఇది ఎమ్మెస్సీ దాకా పోనక్కర్లేదు, ఇంటర్ పుస్తకంలో ఉంది. చల్లగది కొత్త ఆసుపత్రుల పని ఒప్పుకున్నాడు, డ్రమ్ములు మాత్రం పాతవే. అందుకని రెండో జాడింపు ఎత్తేశాడు.

ఇవన్నీ ఎమ్మెస్సీకి తెలుసు. నేను పదో తరగతి ఫెయిలు. ఫెయిలైనవాళ్ళకు క్లోరిన్ తెలియదు.

ఫిబ్రవరి 19

వదిన టీ తాగేటప్పుడు కాలువ పక్కన నేల మీద చతికిలపడుతుంది. హాల్లో అదొక్కటే చల్లటి చోటు. క్లోరిన్ గాలికంటే బరువు, నేలను అంటిపెట్టుకుని ఉంటుంది.

"అక్కడ తడిగా ఉంది వదినా, ఇటు రా" అన్నాను.

"తడి కోసమే కదే కూర్చున్నా" అంది.

చెప్పాను. వినలేదు. నేను చేయగలిగింది చేశాను.

ఫిబ్రవరి 20

నేను చేయగలిగింది చేశాను.

ఫిబ్రవరి 26

కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. బ్లీచింగ్, యాసిడ్ డ్రమ్ములన్నీ అతని చేతికింద. డిగ్రీ ఉందట, కెమిస్ట్రీ. చల్లగది అతన్ని హాలు మధ్య నిలబెట్టి, "ఇక నుంచి సైన్సు ప్రకారం జరుగుతుంది" అన్నాడు.

సైన్సు ముఖం చూశాను. వెనక బెంచీ.

రెండేళ్ళు నా క్లాసులో కిటికీ పక్కన చివరి బెంచీ మీద కూర్చుని బయట రోడ్డును చదువుకున్నవాడు. నీళ్ళ ఫార్ములా చెప్పమంటే బాత్రూమ్‌కి వెళ్ళొస్తానన్నవాడు. ఇప్పుడు ఇస్త్రీ ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. నన్ను చూశాడు. దుప్పటి మూలలు పట్టుకుని నడుస్తున్న నన్ను చూసి వాడి నోరు తెరుచుకుంది. నేను దుప్పటి పైకెత్తి ముఖం దాచుకున్నాను.

"ఏంటే, బెదిరిపోయావు" అంది వదిన.

కంట్లో నలక పడిందన్నాను.

ఫిబ్రవరి 28

డ్రమ్ముల వెనక నన్ను పట్టుకున్నాడు.

"మేడమ్, మీరు ఇక్కడ..."

"మేడమ్ అనకు. నేను పదో తరగతి ఫెయిలు."

"మీరా?"

"నీకు డిగ్రీ ఎలా వచ్చిందో నేనడిగానా?"

తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. కాసేపటికి తనే చెప్పేశాడు. డిగ్రీ పూర్తి కాలేదు. ఇక్కడ డిగ్రీ ఉందంటేనే కుర్చీ ఇస్తామన్నారు. ఉందన్నాడు. ఎవరూ ప్రశ్న వేయలేదు. ప్యాంటు చూసి నమ్మేశారు. ఇంట్లో పెళ్ళి కావలసిన చెల్లెలా అని అడిగాను, మామూలుగా అబద్ధాలకు అలాంటి కారణాలుంటాయి కాబట్టి. "లేదు మేడమ్, మూడేళ్ళు మూటలు మోశాను. కూర్చుని చేసే పని కావాలనిపించింది" అన్నాడు. కనీసం అబద్ధం గురించి నిజం చెప్పాడు.

ఎక్కువ చదివి తక్కువ చెప్పుకున్నదాన్ని నేను. తక్కువ చదివి ఎక్కువ చెప్పుకున్నవాడు వాడు. ఇద్దరినీ కలిపి సగం చేస్తే ఈ కంపెనీకి కావలసిన మనిషి దొరుకుతాడు.

ఇద్దరం నోరు మూసుకోవాలని ఒప్పందం.

మార్చి 4

వాడితో పెద్ద చిక్కే వచ్చిపడింది. అందరినీ "నువ్వు", "ఏమ్మా" అంటాడు. నా దగ్గరికొచ్చేసరికి నాలుక తిరగదు. నువ్వు అనలేడు, మీరు అనకూడదు. "ఈ దుప్పట్లు... అటు... పెడితే బాగుంటుంది" అని గోడతో చెప్పి వెళ్తున్నాడు. వదిన అనుమానంగా చూస్తోంది.

"నీమీద కన్నేశాడేమో చూస్కో" అంది.

నవ్వొచ్చింది. ఇక్కడ చేరాక మొదటిసారి అనుకుంటాను.

మార్చి 7

వదిన దగ్గు మారింది. ఇంతకుముందు గొంతులోంచి వచ్చేది, ఇప్పుడు ఇంకా లోపల్నుంచి. దుప్పటి మూలలు పట్టుకుని నా వైపు నడుస్తూ మధ్యలో ఆగిపోతోంది. నేను నాలుగడుగులు ఎక్కువ వేసి దగ్గరికి వెళ్తున్నాను. చల్లగదికి తేడా తెలియదు.

డ్రమ్ముల వెనకకు వెళ్ళి వెనక బెంచీకి చెప్పాను, రెండో జాడింపు పెట్టించు అని. "ఎందుకు మేడమ్" అన్నాడు. నిజంగానే తెలియదు వాడికి. చెప్పాను. టీ విరామం అయ్యేదాకా చెప్పాను. తడి నేల మీద వేలితో సమీకరణం రాశాను. వాడు గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. క్లాసులో ఇదే పాఠం చెబితే రోడ్డు చూసినవాడు. "అంటే వదినది జలుబు కాదా" అన్నాడు. ఆ మాటతో వాడికి నా దగ్గర మొదటిసారి మార్కులు పడ్డాయి.

"సార్‌కి గాలి గురించి చెప్తాను" అన్నాడు.

"గాలి గురించి చెబితే నీకు గేటు చూపిస్తాడు. దుప్పట్లు పాడవుతున్నాయని చెప్పు. జాడింపు తగ్గితే నూలు కుళ్ళిపోతుంది, త్వరగా చిరుగుతాయి, హోటలువాళ్ళు నష్టం కట్టించుకుంటారని చెప్పు."

మనిషి ఊపిరితిత్తులు ఎవరూ లెక్కపెట్టి ఇవ్వలేదు. దుప్పటికైతే సొంతదారుడున్నాడు.

మార్చి 10

రెండో జాడింపు మళ్ళీ మొదలైంది. చల్లగది హాలు మధ్య నిలబడి వెనక బెంచీ భుజం తట్టాడు. "చదువంటే ఇది. చూసి నేర్చుకోండి" అని మా వైపు చూసి అన్నాడు. ముఖ్యంగా నా వైపు. నేను చూసి నేర్చుకున్నాను.

వాసన లేదు. గుడ్డలు మురికిగా వస్తున్నాయేమోనని హాలంతా బెంగ.

మార్చి 16

టీ విరామంలో రోజూ పాఠం. ఇవాళ ఆమ్లాలు, క్షారాలు. ఒక్కడే విద్యార్థి, బెంచీ లేదు, బోర్డు లేదు, వాడు ప్రశ్నలు అడుగుతున్నాడు. ఆరేళ్ళు కాలేజీలో నేను కోరుకున్న క్లాసు ఇదే. ఇంటికొచ్చి ఆయనతో చెబుదామనుకున్నాను. పక్కింటాయన వచ్చి కూర్చున్నాడు. మా ఆయన "మా ఆవిడ ల్యాబ్‌లో ఈమధ్య కొత్త కుర్రాళ్ళకు శిక్షణ ఇస్తోంది" అంటున్నారు. ఆయనకు తెలియకుండానే ఒక నిజం చెప్పారు. ఇద్దరికీ టీ ఇచ్చాను.

మార్చి 17

వదిన దగ్గు తగ్గింది. నావల్లే. ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఫర్వాలేదు.

ఎవరికైనా తెలిస్తే బాగుండును.

మార్చి 29

ఇంకో హోటలు పని. లారీలు రోడ్డు దాకా. చల్లగది గదిలోంచి బయటికొచ్చాడు, ఎండ తగిలినవాడిలా చిరాకుగా. "ఈ వారం మాత్రం ఒకటే జాడింపు. దుప్పట్లు చిరిగితే చిరిగాయి, నేను చూసుకుంటా."

వెనక బెంచీ నా వైపు చూశాడు. నేను దుప్పటి వైపు చూశాను.

ఈ వారం మాత్రమే కదా. నేనూ రెండు నెలలు మాత్రమే అనుకున్నాను. రెండు నెలలు వచ్చేవారంతో అయిపోతాయి. వెళ్ళిపోవచ్చు. ఎక్కడికి అన్నది వేరే విషయం.

ఏప్రిల్ 1

రాయలేను. వదిన ఆసుపత్రిలో ఉంది.

ఏప్రిల్ 2

రాస్తాను.

నిన్న మధ్యాహ్నం, టీ వేళ. త్వరగా అవుతుందని చల్లగది హాల్లోకొచ్చి చెబితే, ఒకేసారి అన్ని డ్రమ్ములకూ యాసిడ్ నీళ్ళు వదిలారు. కాలువలోంచి పచ్చగా పొగలాంటిది లేచింది. ముందు ఎవరో "అబ్బ, ఇవాళ భలే తెల్లబడ్డాయి" అన్నారు. ఆ తర్వాత హాలంతా దగ్గులు. దగ్గొస్తే ఎవరైనా ఏం చేస్తారు, కూర్చుంటారు. అందరూ కూర్చున్నారు, కొందరు కొంగు ముక్కుకు కట్టుకుని నేల మీద పడుకున్నారు. ఆ వాయువు ఉండేదే నేల మీద.

నా గొంతులోంచి నాకే పరిచయం లేని అరుపు వచ్చింది. కాదు, పరిచయం ఉంది, మరిచిపోయాను. నలభైమంది పిల్లల గోలను ఒక్కమాటతో ఆపే గొంతు అది.

"లేవండి. ఎవరూ కూర్చోవద్దు. అందరూ నిలబడండి. తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని తలుపులోంచి బయటికి నడవండి. పరుగెత్తవద్దు. నువ్వు, ఆ యాసిడ్ వాల్వు కట్టెయ్."

చివరి మాట వెనక బెంచీకి. వాడు కట్టేశాడు. అందరూ లేచారు. ఎందుకు, ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. వరుసగా బయటికి నడిచారు. కాలువ పక్కన కూర్చున్న వదిన ఒక్కతే లేవలేకపోయింది. నేనూ వెనక బెంచీ ఆమెను దుప్పట్లో వేసి, చెరో రెండు మూలలూ పట్టుకుని మోశాం.

ఇవాళ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. వదిన ముక్కుకు గొట్టం. కప్పిన దుప్పటి మా లాండ్రీదే, మూల మడత చూస్తే తెలిసింది, నేను వేసిందే. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. గొంతు గుసగుసగా ఉంది.

"నువ్వు చదువుకున్నదానివని నాకు ముందే తెలుసే. మొదటి రోజే గోడమీద నోటీసు ముందు ఆగావు. మాలో ఎవరూ ఆగరు."

జారిన దుప్పటి సర్దాను.

"ఏదో కష్టమొచ్చి దాచుకుంది పాపం, మనకెందుకులే అనుకున్నా. ఎవరికీ చెప్పలేదు." ఊపిరి తీసుకుంది. "ఆ వాసన ఏంటో కూడా నీకు ముందే తెలుసా?"

నేను పదో తరగతి ఫెయిలు. ఆ మాట నోటిదాకా వచ్చింది. రెండు నెలలుగా అందరితో అన్నదే. అనలేకపోయాను.

"తెలుసు."

"తడిగా ఉంది ఇటు రమ్మన్నావు."

"అవును."

"తడిగా ఉందన్నావు" అని ముఖం అటు తిప్పుకుంది.

ఇంత అజ్ఞానం ఒకేచోట చూడలేదని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. వాళ్ళకు తెలియదు, నిజమే. నాకు తెలిసి నేనేం చేశాను. సిగ్గుగా ఉంది. ఇంకో మాట దొరకడం లేదు.

ఏప్రిల్ 3

చల్లగది పిలిచాడు. ఆ గదిలోకి వెళ్ళడం ఇదే మొదటిసారి. నిజంగానే చల్లగా ఉంది. వెనక బెంచీ అతని ఎదురుగా కుర్చీలో తలవంచుకుని ఉన్నాడు. నేను తలుపు తోశాను.

వాడు లేచి నిలబడ్డాడు.

కావాలని చేసింది కాదు. మోకాళ్ళకు అలవాటు, అంతే. క్లాసులో ఇంకేం నేర్చుకోకపోయినా అదొకటి నేర్చుకున్నాడు. చల్లగది వాడిని చూశాడు, నన్ను చూశాడు, నా మాసిన యాప్రాన్ చూశాడు.

"నువ్వెందుకు లేచావయ్యా?"

"ఏం లేదు సార్, కాలు తిమ్మిరెక్కింది."

"తిమ్మిరి పోయిందా, కూర్చో."

వాడు కూర్చోలేదు. చెమటలు పడుతున్నాయి, ఆ చల్లగదిలో. కూర్చోవాలని ఉంది, చేత కావడం లేదు. నేను చెప్పేదాకా కూర్చోడని నాకు తెలుసు. పాపం అనిపించింది.

"కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు. అయిపోయింది. ఇక చల్లగదికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"ఎవరు నువ్వు?"

"ఈ అబ్బాయికి కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఎమ్మెస్సీ."

"అంటే అబద్ధం చెప్పి చేరావు."

"చదువు లేనివాడు ఉందంటే మోసం సార్. ఉన్నది లేదంటే ఏమంటారో నాకు తెలియదు."

"దాన్నీ మోసమనే అంటారు" అన్నాడు. కానీ కోపంగా కాదు. కుర్చీ వెనక్కి వాల్చి లెక్క వేసుకుంటున్నాడు. గొంతులో తేనె పోసుకుని, "చూడమ్మా, యాసిడ్ తప్పుగా వదిలింది ఇతను. నువ్వు కళ్ళారా చూశావు. ఆ మాట చెప్పు, ఇతను వెళ్తాడు. ఈ కుర్చీ నీది. జీతం మాత్రం మడతదే, నువ్వే కదా టెన్త్ అన్నావు. అనుభవం వచ్చాక ఆలోచిద్దాం" అన్నాడు.

కుర్చీ వైపు చూశాను. చూడలేదని ఇక్కడ రాయవచ్చు, ఎవరు అడుగుతారు. కానీ చూశాను. మెత్తటి కుర్చీ. డ్రమ్ముల గది, నా పేరు ముందు సూపర్‌వైజర్ అన్న మాట, మా ఆయన అబద్ధం సగమైనా నిజమయ్యే అవకాశం. కూర్చుంటే కాళ్ళు నొప్పి పుట్టవు.

"రెండో జాడింపు పెట్టండి సార్. కూర్చుంటాను."

చల్లగది నవ్వాడు. "రెండో జాడింపు పెట్టేదుంటే కెమిస్ట్రీ వాళ్ళతో నాకేం పనమ్మా?"

ఇన్నాళ్ళకు నా డిగ్రీకి అర్థం చెప్పినవాడు దొరికాడు. నీళ్ళకు బదులు నేను. నీళ్ళకంటే చవక.

"యాసిడ్ వదలమన్నది మీరు. జాడింపు ఎత్తేసింది మీరు. హాలంతా విన్నది" అన్నాను.

"హాలంతా టెన్త్ ఫెయిలే కదమ్మా" అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పదో తరగతి ఫెయిలు చెబితే ఎవరూ వినరు. ఎమ్మెస్సీ చెబితే ఉద్యోగం ఉండదు. రెండూ నేనే అయినందుకు రెండూ దక్కాయి. నన్నూ, వెనక బెంచీనీ ఇద్దరినీ పొమ్మన్నాడు.

టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి హాల్లోకి వెళ్ళాను. రోలర్లు తిరుగుతున్నాయి. డబ్బా తీసుకుని వచ్చేయవచ్చు. గోడ దగ్గర నిలబడ్డాను, బోర్డు ముందు నిలబడ్డట్టు.

"వినండి. అది శుభ్రం వాసన కాదు. అది విషం. బ్లీచింగ్ సరిగా పోకుండా యాసిడ్ పోస్తే పుడుతుంది. అది కిందే ఉంటుంది, కాబట్టి వాసన రాగానే కూర్చోవద్దు. చేతిలో దుప్పటి అక్కడే వదిలేసి, నిలబడి, బయటికి నడవండి. రెండోసారి జాడించే దాకా లోపలికి రావద్దు. ఇది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

ఒకామె, "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను. గాజు తలుపు తెరుచుకునేదాకా చెప్పాను.

గేటు బయట వెనక బెంచీ నిలబడి ఉన్నాడు. "ఆ కుర్చీలో మీరు కూర్చోవాల్సింది మేడమ్" అన్నాడు.

"నువ్వు లేవకుండా ఉండాల్సింది."

"అదెలా మేడమ్" అన్నాడు. నిజంగానే వాడికి అర్థం కాలేదు.

ఏప్రిల్ 4

మా ఆయనతో చెప్పాను. లాండ్రీ, మడత, వదిన, మొత్తం. శ్రద్ధగా విన్నారు. "మంచిదే. ఆ ల్యాబ్ నీ స్థాయికి తగదని నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను" అన్నారు.

ఈయనకు ఏ నోటిఫికేషనూ ఎందుకు రావడం లేదో నాకు అర్థమైంది.

ఏప్రిల్ 6

పొద్దున లేచేసరికి ఆయన గిన్నెలు తోముతున్నారు, ఇస్త్రీ చొక్కా మీదే. ఒక గ్లాసు పగిలింది. పెంకులు ఇద్దరం ఏరాం. చొక్కా తడిసింది, ఇవాళ ఇస్త్రీ చేయలేదు.

ఏప్రిల్ 9

పని కోసం తిరిగాను. ఒకచోట చదువు ఎక్కువన్నారు, ఒకచోట అనుభవం తక్కువన్నారు. ఏజెంటు ఫోన్ చేశాడు, ఇంకో కార్ఖానా ఉంది, ఈసారి ఎనిమిదో తరగతి అనండి అన్నాడు. ఇలాగే పోతే అక్షరాభ్యాసం ముందుకు చేరుకుంటాను.

ఏప్రిల్ 13

ఆసుపత్రికి వెళ్ళాను. వదిన లేదు. పంపించేశారట. ఆమె ఇల్లెక్కడో నాకు తెలియదు. రెండు నెలలు రోజూ ఆమె ముఖంలోకి నడిచాను, ఇల్లెక్కడని అడగలేదు.

ఏప్రిల్ 22

సాయంత్రం తలుపు చప్పుడైంది. వదిన. బక్కచిక్కింది. ఇల్లు ఎలా తెలిసిందంటే, వెనక బెంచీ చూపించాడట. లోపలికి రమ్మన్నాను. గుమ్మం దగ్గరే నిలబడింది.

"దగ్గు తగ్గేదాకా నీతో మాట్లాడకూడదనుకున్నా. తగ్గలేదు. అయినా వచ్చా."

కుర్చీ వేశాను. ఆ కుర్చీ మా ఆయనది, ఆయన లేచి ఇచ్చారు. కూర్చుంది. మంచినీళ్ళు తాగింది, గ్లాసు నిండా, ఆగి ఆగి. మళ్ళీ పనిలోకి వెళ్తోందట. ఎలా వెళ్తున్నావని అడిగాను. "ఎగిరి వెళ్తున్నా. ఇంకెలా వెళ్తారు, ఇల్లు గడవద్దూ?" అంది. నాకు తగిన జవాబే.

"ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ వాసనొచ్చింది" అంది.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో. అందరం దుప్పట్లు కింద పడేశాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఒక్కసారే పడేశాం. నిలబడి, వరుసగా బయటికెళ్ళి, గేటు దగ్గర గోడ నీడలో నిలుచున్నాం. చల్లగది బయటికొచ్చి అరిచాడు. అరవనిచ్చాం. లారీలు వచ్చి నిలబడ్డాయి, డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. కాసేపయ్యాక లోపలికెళ్ళి తనే మెషిన్ దగ్గర నిలబడి నీళ్ళు తిప్పించాడు. రెండోసారి. అప్పుడు లోపలికెళ్ళాం." దగ్గింది. దగ్గు ఆగేదాకా నేనూ ఆగాను. "అంతసేపు నిలబడలేక నాకు ప్రాణం పోయింది. కానీ నిలబడ్డా. కూర్చోవద్దన్నావుగా."

నేను ఆమె కుర్చీ పక్కన కూర్చున్నాను.

"ఇదంతా ఎవరు నేర్పించారని గద్దించాడు. మళ్ళీ ఏ చదువుకున్నోళ్ళు వచ్చి చెప్పారు, పేరు చెప్పండన్నాడు."

"ఏం చెప్పారు?"

వదిన ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి లేచింది.

"పదో క్లాసు చెప్పిందన్నాం."